తప్పుకొన్నవాని తప్పేమి?

తెలుగున ‘తప్పు’ అను మాట చాల చిత్రమైనది. నామవాచకముగా నిలిచినపుడు అది దోషము. క్రియగా కదలినపుడు అది తొలగుట. గురి తప్పినది, గండము తప్పినది, దారి తప్పినాడు అని వాడునపుడు ఒక్కొక్కచోట దాని స్వభావము ఒక్కొక్క విధముగా నుండును. గండము తప్పుట శుభము, దారి తప్పుట అశుభము. తప్పు చేసినవాడు వేరు, తప్పుకొన్నవాడు వేరు. మొదటివాడు నిందకు అర్హుడు. రెండవవాడు ఇతరుల దోషమునుండి తన్నును, తనవారిని కాపాడుకొన్నవాడు. మాట ఒకటే యైనను మనుష్యులు ఇద్దరు. అయినను లోకము పలుమారు ఈ యిద్దరిని తారుమారు చేయుచుండును. తప్పు చేసినవాడు చల్లగా వెడలిపోవును. తప్పుకొన్నవాడు నడివీధిలో దోషివలె నిలువబడును. ‘ఉరుము ఉరిమి మంగలముమీద పడినట్లు’ అని పెద్దలు చెప్పిన సామెతకు నేటి రాజమార్గములపై నిత్యము వ్యాఖ్యానము జరుగుచున్నది.

గనుల నడుమ రహదారి

ఈ వ్యాఖ్యానమును చదువుటకు గోదావరిఖని వంటి పట్టణము మరియొకటి దొరకదు. ఆ పేరులోనే ఊరి చరిత్ర యున్నది: గోదావరి ఒడ్డున ఖని. 1889లో ఇల్లందులో మొదలైన బొగ్గు త్రవ్వకము క్రమముగా గోదావరి లోయవెంట విస్తరించి, 1960వ దశకమున ఈ ప్రాంతమున కాలూనెను. గనులకు పేర్లకు బదులు అంకెలు వచ్చినవి. ఏటవాలుగా భూమిలోనికి దిగు సొరంగమును ఇంక్లైన్ అందురు. ఎనిమిదవ ఇంక్లైన్ పేర వెలసిన కార్మికుల నివాసము జనుల నోట ‘యైటింక్లయిన్ కాలనీ’ యైనది. ఆంగ్లపు అంకెయు గని మాటయు కరగి ఒక తెలుగు ఊరిపేరుగా పోతపోసికొన్నవి. 1978లో శంకుస్థాపన జరిగిన రామగుండము తాప విద్యుత్కేంద్రము 2,600 మెగావాట్ల స్థాయికి పెరిగినది. బసంత్‌నగర్‌లో సిమెంటు, రామగుండములో 2021లో తిరిగి మొదలైన ఎరువుల ఉత్పత్తి - ఇవన్నియు ఒకే దండలోని పూసలవలె నున్నవి. ఆ పూసలను గ్రుచ్చిన దారము రాజీవ్ రహదారి. హైదరాబాదునుండి సిద్దిపేట, కరీంనగరు, పెద్దపల్లి మీదుగా వచ్చి, గోదావరిఖని దాటి, వంతెనపై గోదావరిని దాటి మంచిర్యాలవైపు సాగు మార్గమిది.

ఈ దారిమీద నడచు బండ్ల తీరు ఇతర పట్టణములలో కానరాదు. బొగ్గు నింపిన టిప్పర్లు, విద్యుత్కేంద్రపు బూడిదను మోయు లారీలు, ఆర్టీసీ బస్సులు, ఆటోలు, పాఠశాల బస్సులు, షిఫ్టు వేళకు పరుగెత్తు వేలకొలది ద్విచక్ర వాహనములు - అన్నియు ఒకే రోడ్డును పంచుకొనుచున్నవి. గని పని మూడు షిఫ్టులుగా సాగును. షిఫ్టు మారు వేళ దిగువారును ఎక్కువారును ఒక్కమారుగా వీధిలోనికి వత్తురు. రాత్రియంతయు భూగర్భమున పనిచేసి కన్నులు మండుచుండగా ఇల్లు చేరువాడొకడు. ఆలస్యమైనచో ఆనాటి మస్టరు పోవునని తొందరపడువాడు మరియొకడు. కొంత దూరము పోయి మళ్లింపువద్ద తిరిగి రావలసియుండగా, ఆ కొంత దూరమునకు బద్ధకించి ‘రాంగ్ రూట్’లో ఎదురు వచ్చువాడు ఇంకొకడు.

ఇట్టి రోడ్డుపై ఒక ఉదయమును ఊహింపుడు. ఒక ఉపాధ్యాయుడు తన చిన్నకారులో పాఠశాలకు పోవుచున్నాడు. ఆయన ఎవరైనను కావచ్చును. ఏ ఊరి బడిలోనైనను పాఠము చెప్పుచుండవచ్చును. ఎడమప్రక్క పోవుచున్న లారీ ఏ సంకేతమును ఈయక, వెనుకనున్న బండిని చూడక, హఠాత్తుగా కుడివైపునకు కోసికొని వచ్చును. ఆయన బ్రేకు నొక్కి స్టీరింగును కుడికి త్రిప్పును. లారీ తగులదు. కారు డివైడరు నెక్కును. ముందు టైరు పగులును, రిమ్ము వంగును, బంపరు ఊడును, అడుగుననున్న ఇంజను నూనె తొట్టి రాతికి తగిలి చిట్లును. లారీకి గీతయైనను పడలేదు కావున అది ఆగవలసిన పని లేదనుకొని సాగిపోవును. దానిని నడిపినవాడు వెనుకకు చూచెనో లేదో కూడ ఎవరికిని తెలియదు.

జనము మూగుదురు. వారు మంచివారే. తలుపు తెరచి, నీళ్లిచ్చి, కారును ప్రక్కకు నెట్టుదురు. కాని వారినుండి వచ్చు మొదటి ప్రశ్న ‘ఏమైంది సారూ, నిద్రొచ్చిందా?’ అని. రెండవ మాట ఓదార్పు: ‘పానం దక్కింది సారూ, గదే పదివేలు!’ మరునాడు పత్రికలో వార్త పడినచో అది యిట్లుండును: ‘అదుపు తప్పి డివైడరును ఢీకొన్న కారు’. ఇక్కడను ఆ ‘తప్పు’ అను మాటయే. నిజమునకు అదుపు తప్పినది కారు కాదు; లారీ నడిపినవాని బుద్ధి. కాని ఆ వాక్యములో లారీ లేదు. చేసినవాడు జారిపోయిన తరువాత క్రియాభారమంతయు మిగిలినవానిపై బడినది.

ప్రాణము దక్కుట సామాన్యమైన భాగ్యము కాదు. ఆ ఓదార్పు పలుకు హృదయమునుండి వచ్చినదే. కాని ఆ పలుకుతో విచారణ ముగియుచున్నది. ఎవరు కోసికొని వచ్చిరి, ఏ బండి, ఎటు పోయినది అను ప్రశ్నలు ప్రాణము పోయినచో ఊరంతయు అడుగును. ప్రాణము దక్కినచో ఎవరును అడుగరు. కాపాడుకొనగల నేర్పు కలిగియుండుటయే ఆయనకు న్యాయము దూరమగుటకు కారణమైనది.

పూర్వులు ఏమనిరి?

దారికొరకు తగవు పడుట నేటి వింత కాదు. ఆంధ్ర మహాభారతము ఆదిపర్వమున కల్మాషపాదుని కథ యున్నది. ఇరుకు త్రోవలో రాజును, వసిష్ఠుని కుమారుడైన శక్తియు ఎదురుపడిరి. ఎవరు తొలగవలెనని వాదము వచ్చెను. రాజు కొరడాతో కొట్టెను, ముని శపించెను. రాజు రాక్షసత్వము పొంది మొట్టమొదట ఆ శక్తినే కబళించెను. గ్రీకు నాటకకర్త సోఫోక్లీసు చెప్పిన ఈడిపస్ కథలోను సర్వనాశనమునకు మొదలు మూడు దారులు కలియుచోట జరిగిన ఇట్టి తగవే. అచ్చట కొడుకు తండ్రియని యెరుగక తండ్రిని చంపెను. ఒక్క అడుగు ప్రక్కకు వేసియుండినచో ఈ రెండు కథలును లేవు. కావున తొలగుట పిరికితనము కాదు, వివేకము. దారి యిచ్చుటలో క్రమమును గూర్చి మన ధర్మగ్రంథములు ప్రత్యేకముగా చెప్పినవి. వృద్ధునకు, రోగికి, బరువు మోయువానికి, స్త్రీకి దారి యీయవలెనని మనుస్మృతి రెండవ అధ్యాయమున నున్నది.

అంతకంటె ఆశ్చర్యకరమైన భాగము ఆ గ్రంథపు ఎనిమిదవ అధ్యాయమున, 290వ శ్లోకము మొదలుగా నున్నది. అది బండ్ల ప్రమాదములకు సంబంధించిన విధి. ముకుత్రాడు తెగినపుడు, కాడి విరిగినపుడు, ఇరుసుగాని చక్రముగాని భగ్నమైనపుడు, పగ్గము తెగినపుడు, తోలువాడు ‘తొలగుడు’ అని బిగ్గరగా అరచినపుడు జరిగిన హానికి దండన లేదని అందు చెప్పబడినది. తోలువాని నేర్పులేమివలన బండి దారి తొలగి హాని కలిగినచో యజమాని 200 పణములు చెల్లింపవలెను. తోలువాడు నేర్పరియే అయినచో దండన వానికే. ఆ గ్రంథములోని సామాజిక నియమములను అనేకములను నేటి సమాజము త్రోసిపుచ్చినది, త్రోసిపుచ్చుట న్యాయమే. కాని ఈ కొద్ది శ్లోకములలో ఒక సూక్ష్మదృష్టి యున్నది. బండి దారి తొలగినంత మాత్రమున తోలువాడు దోషి కాడు. ఏల తొలగెనో విచారింపవలెను. హెచ్చరిక చేయుట తోలువాని ధర్మములలో నొకటి. నేటి భాషలో చెప్పవలెనన్న, సంకేతదీపము వేయక దారి మార్చినవాడు ‘తొలగుడు’ అని అరువనివాడు.

టపాకాయయు, గుర్రపుబండియు

తాకకుండ కలిగించిన నష్టమునకు ఎవడు బాధ్యుడన్న ప్రశ్న ఇంగ్లండు న్యాయస్థానములకు 18వ శతాబ్దిలోనే వచ్చెను. 1770 అక్టోబరులో మిల్బోర్న్ పోర్టు అను ఊరిలో సంత జరుగుచుండెను. షెపర్డు అను యువకుడు వెలిగించిన టపాకాయ నొకదానిని జనసమ్మర్దముగల సంతపాకలోనికి విసరెను. అది ఒక తినుబండారముల దుకాణముపై బడెను. దగ్గర నున్నవాడు తనకును సరకుకును ముప్పు కలుగకుండ దానిని తీసి దూరముగా విసరెను. అది మరియొక దుకాణముపై పడగా అచ్చటివాడును అట్లే చేసెను. చివరకది స్కాటు అనువాని మొగముపై పేలి యొక కన్ను పోయెను. మొదట విసరినవాని చేతికిని స్కాటు కంటికిని నడుమ ఇద్దరి చేతులున్నవి. అయినను 1773లో న్యాయమూర్తులలో అధికసంఖ్యాకులు మొదట విసరినవాడే బాధ్యుడని తేల్చిరి. నడుమ నున్నవారు స్వేచ్ఛగా ఆలోచించి చేసినవారు కారు. ప్రాణభయమున, అప్పటికప్పుడు ఆత్మరక్షణకై చేసినవారు. బ్లాక్‌స్టన్ అను ప్రసిద్ధ న్యాయమూర్తి విభేదించెను గాని, ఆయన ఆక్షేపణ ముఖ్యముగా దావా వేసిన రూపమును గూర్చినది.

1816లో వచ్చిన మరియొక వ్యాజ్యము మన విషయమునకు ఇంకను దగ్గర. ఒక గుర్రపుబండి పగ్గము తెగెను. బండి వాలున ఒక ప్రక్కకు ఒరసికొని పోవుచుండగా పైన కూర్చున్న ప్రయాణికుడు, అది బోల్తాపడునని తలచి క్రిందికి దూకెను, కాలు విరిగెను. బండి మాత్రము బోల్తాపడలేదు. అతడు కదలక కూర్చుండినచో క్షేమముగా నుండెడివాడు. ‘అయితే కాలు విరుగుట అతని తొందరపాటు ఫలమే కదా’ అని బండి యజమాని వాదన. లార్డ్ ఎలెన్‌బరో జూరీవారి ముందుంచిన సూత్రమిది: బండివాని అజాగ్రత్త ప్రయాణికుని ఆపదలోనికి నెట్టినది, ఆ ఆపదలో బుద్ధిమంతుడు చేయదగిన పని యతడు చేసినచో, తరువాత తీరికగా చూచినపుడు అది మేలైన మార్గము కాదని తేలినను, నష్టభారము అజాగ్రత్తపరునిదే. జూరీ ప్రయాణికుని పక్షమున తీర్పు చెప్పెను. డివైడరు నెక్కిన ఉపాధ్యాయునితో ‘మీరు కుడికి తిప్పకుండ బ్రేకు మాత్రమే వేయవలసినది’ అను వారికి ఇరువది దశాబ్దములకు పూర్వమే చెప్పబడిన సమాధానమిది.

నేటి మన చట్టమును పరిశీలింతము. 1988 నాటి మోటారు వాహనముల చట్టము ప్రకారము ఏర్పడిన క్లెయిముల ట్రిబ్యునళ్లు, మోటారు వాహనముల ‘వాడుకవలన ఉత్పన్నమైన’ ప్రమాదములలో మరణమునకు, గాయమునకు, మూడవ పక్షముయొక్క ఆస్తి నష్టమునకు పరిహారము నిర్ణయించును. రెండు బండ్లు తాకి తీరవలెనని ఆ మాటలలో లేదు. 1991లో సుప్రీముకోర్టు ఈ మాటలకు విశాలమైన అర్థము చెప్పెను. మహారాష్ట్రలో ఒక పెట్రోలు ట్యాంకరు లారీతో ఢీకొని పడిపోయి, సుమారు నాలుగు గంటల తరువాత పేలెను. ఢీకొనుటకును పేలుడుకును నడుమ అంత కాలము గడచినను, ఆ మరణములు వాహనపు వాడుకవలన ఉత్పన్నమైనవే అని కోర్టు నిర్ణయించెను. ప్రమాదకరముగా నడుపుట మోటారు వాహనముల చట్టము 184వ సెక్షను ప్రకారము నేరము. జనమార్గమున ప్రాణాపాయము కలుగునట్లు దుడుకుగా నడుపుట, 2024 జూలై 1నుండి అమలులోనున్న భారతీయ న్యాయ సంహిత 281వ సెక్షను ప్రకారమును నేరమే. ఎవరికిని గాయము కాకున్నను నేరమే.

కాబట్టి సూత్రము తప్పుకొన్నవాని పక్షముననే యున్నది. లోపమెక్కడ? నిరూపణలో. తాకిన బండిపై రంగు అంటును, లోహము వంగును, గాజు రాలును, అవే సాక్ష్యములు. తాకని బండి ఏ జాడయు వదలదు. నంబరు తెలియనిచో ఎవరిపై దావా? గుర్తు తెలియని వాహనముల బాధితులకు ప్రభుత్వ పథకమున్నది. 2022 ఏప్రిల్ 1నుండి మరణమునకు 2 లక్షల రూపాయలు, తీవ్ర గాయమునకు 50,000 రూపాయలు. కాని ఆ పథకమున కారు నష్టమునకు స్థానము లేదు. ఇక మిగిలినది సొంత బీమా. చట్టము నిర్బంధించిన మూడవ పక్షపు బీమా మాత్రమే యున్నవానికి తన కారుకొరకు ఒక్క రూపాయియు రాదు. సమగ్ర బీమా ఉన్నవానికి వచ్చును. కాని టైర్లు, రబ్బరు, ప్లాస్టిక్ భాగముల విలువలో సాధారణముగా 50 శాతము తరుగుగా తగ్గింతురు. వరుసగా ఐదేండ్లు క్లెయిము చేయనివానికి సొంత నష్టపు ప్రీమియములో లభించు 50 శాతము రాయితీ, ప్రత్యేక రక్షణ తీసికొననిచో, ఆ ఒక్క క్లెయిముతో పోవును. ఐదేండ్లు జాగ్రత్తగా నడిపి సంపాదించిన మంచిపేరు పరుని అజాగ్రత్తవలన ఒక్క క్షణమున తుడిచిపెట్టుకొని పోయినది.

జీతగానికిని, కొలువు విరమించిన గని కార్మికునకును కారు విలాసము కాదు. కొలువు ముగిసిన నాడు చేతికందిన సొమ్ములో కొంత పెట్టి, వృద్ధులను ఆస్పత్రికి, పిల్లలను పరీక్షలకు తీసికొనిపోవుటకు కొన్న బండి అది. దాని మరమ్మతు ఖర్చు ఆ కుటుంబపు నెల లెక్కలను తలక్రిందులు చేయును.

గనికి తెలిసినది రోడ్డుకు తెలియదు

ఇక్కడ గోదావరిఖని వీధికి నేర్పగల పాఠమొకటి ఆ వీధి క్రిందనే యున్నది. బొగ్గుగనిలో ఎవరికిని గాయము కాలేదు కావున ఏమియు జరుగలేదని అనుటకు వీలులేదు. 1952 నాటి గనుల చట్టము 23వ సెక్షను ప్రాణనష్టమును, తీవ్ర గాయమును మాత్రమే చెప్పి ఊరకుండలేదు. గనిలో మంట పుట్టినను, నీరు చొచ్చుకొని వచ్చినను, విషవాయువు వెలువడినను, మనుష్యులను దించు త్రాడు తెగినను, పనిస్థలము అకాలమున కూలినను అధికారులకు నోటీసు పంపవలెనని విధించెను. ఆ సమయమున అచ్చట మనుష్యుడే లేకపోవచ్చును. అయినను అది లెక్కలోనికి వచ్చినది. ఆ చట్టము స్థానమున పార్లమెంటు 2020లో ఆమోదించిన వృత్తి భద్రతా స్మృతియు గాయము కలిగినను కలుగకున్నను అపాయకర సంఘటనలను తెలుపవలెననుచున్నది. షిఫ్టుకు ముందు సర్దారు పనిస్థలమును పరీక్షించి, పైకప్పును తట్టి దాని ధ్వని విని, తాను చూచినది పుస్తకములో వ్రాసి సంతకము చేయవలెను. ‘నిన్న కూలలేదు గదా’ అను మాట అచ్చట చెల్లదు.

ఈ కట్టుబాటు వెనుక మూల్యము చెల్లించిన చరిత్ర యున్నది. 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్.ఇ.పి. గనిలోనికి నీరు చొచ్చి 17 మంది కార్మికులు మరణించిరి. ఆ కుటుంబముల దుఃఖమెరిగిన ఊరికి, అపాయమును గుర్తించుట ఆలస్యమైనచో ఏమగునో ఎవరును చెప్పనక్కరలేదు.

విమానయానమును ఇదే పాఠమును కష్టపడి నేర్చుకొన్నది. 1974 డిసెంబరు 1న అమెరికాలో ఒక ప్రయాణికుల విమానము వాషింగ్టను సమీపమున కొండను ఢీకొని అందున్న 92 మందియు మరణించిరి. దానికి ఆరు వారముల ముందు వేరొక సంస్థ విమానము అదే కొండను వెంట్రుకవాసిలో తప్పించుకొన్నది. ఆ సంగతి ఆ సంస్థ పైలట్లకు తెలిసినది గాని ఇతర సంస్థల వారికి తెలియలేదు. ఈ అనుభవము తరువాత 1976లో, తప్పిన ప్రమాదములను పైలట్లు నిర్భయముగా తెలుపుటకు అమెరికా అంతరిక్ష సంస్థ నిర్వహణలో ఒక ఏర్పాటు జరిగెను. అంతకు చాలముందు 1931లో హైన్‌రిక్ అను బీమా సంస్థ ఉద్యోగి పారిశ్రామిక ప్రమాదములను గూర్చిన తన గ్రంథములో, ఒక్క పెద్ద గాయము వెనుక 29 చిన్న గాయములు, 300 గాయము లేని సంఘటనలు ఉండునని వ్రాసెను. ఆ అంకెలు అన్నిచోట్ల సరిపోవని తరువాతివారు ఆక్షేపించిరి. కాని తప్పిన గండములు రానున్న గండములకు ముందుజాడలన్న భావము నిలిచినది.

రోడ్డు సంగతి అట్లు లేదు. 2022లో దేశమున 4,61,312 రోడ్డు ప్రమాదములు జరిగినట్లును, 1,68,491 మంది మరణించినట్లును కేంద్ర ప్రభుత్వ నివేదిక తెలుపుచున్నది. ఈ లెక్క పోలీసులు నమోదు చేసినవానిది. తప్పుకొన్నవాని కారు డివైడరు నెక్కిన సంగతి నమోదైనను, అది స్థిరవస్తువును ఢీకొన్న ప్రమాదముల వరుసలో చేరును. దానిని అక్కడికి నెట్టిన బండి ఏ వరుసలోను చేరదు. ఒకే మలుపువద్ద పదిమంది ఈ రీతిగా తప్పుకొన్నను పదిమందియు విడివిడిగా ‘పానం దక్కింది’ అని ఇల్లు చేరుదురు. పదునొకండవవానికి తప్పుకొన వీలుపడని నాడు మాత్రమే ఆ మలుపు ప్రమాదస్థలమని ఊరికి తెలియును. భూమి క్రింద పనిచేయునపుడు ఇంత జాగ్రత్త నెరిగిన మనుష్యుడే, పైకి వచ్చి హెల్మెటు లేకుండ రాంగ్ రూట్‌లో ఇంటికి పోవుట ఈ పట్టణపు పెద్ద వైచిత్రి.

చేయదగినది

మొదటి పని తప్పుకొన్నవానిది. నష్టమైన వెంటనే ప్రక్కకు చేరి, 112కు తెలిపి, పోయిన బండి రంగు, నంబరులో గుర్తున్న అంకెలు, పోయిన దిక్కు మరువకముందే వ్రాసికొనవలెను. టైరు జాడలను, డివైడరును, కారును ఛాయాచిత్రములు తీయవలెను. దుకాణములవద్ద, కూడలులవద్ద నున్న కెమెరాల చిత్రములు కొలది దినములలో చెరిగిపోవును గనుక వానిని నిలుపుమని పోలీసులను వెంటనే కోరవలెను. నూనె కారుచున్న కారును ‘ఇంటిదాక పోనిత్తము’ అని నడుపరాదు. నూనె లేని ఇంజను పట్టివేయును. మరమ్మతునకు ముందు నడుపుటవలన పెరిగిన నష్టము బీమాలోనికి రాదు. తన వేగమును, ముందున్న బండికిని తనకును గల ఎడమును నిజాయితీగా చెప్పవలెను. తప్పుకొన్నవాడు కూడ మితిమీరిన వేగమున నుండినచో నష్టములో కొంత పాలు అతనిదే యగును.

రెండవ పని చూచినవానిది. సాక్ష్యము చెప్పినచో కోర్టుల చుట్టు తిరుగవలెనను భయము జనులలో నున్నది. క్షతగాత్రులకు సాయపడినవారికి రక్షణ కల్పించుచు 2019లో మోటారు వాహనముల చట్టమున 134-ఎ సెక్షను చేర్పబడినది. గాయము లేనిచోట కూడ ఒక నంబరును, ఒక దిక్కును చెప్పుట పెద్ద సాహసము కాదు. నీళ్లిచ్చిన చేతితోనే తన ఫోను నంబరును వ్రాసి యిచ్చువాడు తప్పుకొన్నవానికి సగము న్యాయము చేసినవాడు.

మూడవ పని పాఠశాలది. గణితపు తరగతిలో ఒక చిన్న లెక్క చేయింపవచ్చును. గంటకు 60 కిలోమీటర్ల వేగమనగా సెకనుకు సుమారు 16.7 మీటర్లు. అపాయమును చూచి కాలు బ్రేకును చేరుటకు ఒక సెకను పట్టినచో అంతలోనే బండి సుమారు 17 మీటర్లు పోవును. పొడి రోడ్డుపై మంచి బ్రేకులతో నిలుచుటకు మరి 20 మీటర్లు కావలెను. మొత్తము 37 మీటర్లు. మూడు బస్సులను వరుసగా నిలిపినంత పొడవు. వేగము రెట్టింపైనచో బ్రేకు వేసిన తరువాతి దూరము నాలుగు రెట్లగును. బండి ముందునకు కోసికొని వచ్చువాడు ఎదుటివానినుండి ఏ మీటర్లను దొంగిలించుచున్నాడో విద్యార్థి నోటుపుస్తకములోనే కనుగొనును.

తెలుగు తరగతిలో చేయింపదగినది మరియొకటి యున్నది. ‘కారు అదుపు తప్పి డివైడరును ఢీకొన్నది’ అను వాక్యమును నల్లబల్లపై వ్రాసి, ‘ఇందు కర్త ఎవరు?’ అని అడుగవచ్చును. వ్యాకరణము ప్రకారము కారే కర్త. అంతటితో విడువక, అదే సంఘటనను జరిగినది జరిగినట్లు వ్రాయుమని చెప్పవలెను: ఏ బండి, ఎటునుండి, ఏ సంకేతము లేక, ఎవరి దారిలోనికి వచ్చెను, ఎవరు, ఏల, ఎటు త్రిప్పిరి. విశేషణములు అక్కరలేదు, ఊహలు అక్కరలేదు. కన్నది కన్నట్లు వ్రాయుట నేర్చిన బాలుడు రేపు మంచి సాక్షి యగును, మంచి విలేఖరి యగును, మంచి పోలీసు అధికారియు కావచ్చును. బండి నడుపు వయసు వచ్చునాటికి, తాను చేయు ప్రతి మలుపునకును తానే కర్త యని యెరిగినవాడగును.

సర్దారు పుస్తకమువంటి పుస్తకమొకటి ప్రతి పట్టణపు రోడ్డుకును కావలెను. ఏ మలుపువద్ద ఎందరు తప్పుకొనిరో, ఎవరివలన తప్పుకొనిరో అందు వ్రాయబడవలెను. అట్టి పుస్తకము ఏర్పడువరకు దాని పుటలు పౌరుల జ్ఞాపకములోనే యున్నవి. ‘పానం దక్కింది’ అను ఓదార్పు తరువాత ‘ఆ బండి ఎటు పోయింది సారూ?’ అని ఒక్క ప్రశ్న అడిగిననాడు మొదటి పుట తెరచినట్లే.